పరంజా మీద తథాస్తు దేవతలు

పుదుచ్చేరిలో కొత్తగా లేస్తున్న ఏ మేడ ముందైనా ఒక దిష్టిబొమ్మ వేలాడుతుంది. పాత ప్యాంటూ చొక్కాలో ఎండుగడ్డి కూరి, కుండకు సున్నం పూసి, బొగ్గుతో మీసాలు గీసి తలగా పెడతారు. పక్కనే ఎర్రగుడ్డ కట్టిన బూడిద గుమ్మడికాయ. ముత్యాలుపేటలోనూ ఇంతే, లాస్‌పేటలోనూ ఇంతే. ఆ బొమ్మ కిందే ఒకడు ఉత్త తలతో ఇసుక జల్లెడ పడుతుంటాడు. కట్టడానికి దిష్టి తగలకుండా ఇంత జాగ్రత్త! కట్టేవాడు రాత్రి నిద్రపోతున్నాడా అని మాత్రం ఎవరూ అడగరు.

అడగాల్సిన ఊరే ఇది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలో సగటున లక్షకు 12.4 ఆత్మహత్యలైతే, పుదుచ్చేరిలో 29.7. ఆ ఏడాది దేశంలో అలా చనిపోయిన 1,70,924 మందిలో 26.4 శాతం రోజుకూలీలు. వాళ్ళంతా కట్టడం పనివాళ్ళు కారు, నిజమే. కానీ ఇంటికి దూరంగా రేకుల షెడ్డులో పడుకుంటూ, శనివారం బట్వాడా కోసం ఎదురుచూస్తూ, ఊళ్ళో కిస్తీ గడువు లెక్కపెట్టుకునే తాపీ పనివాడు ఆ శాతానికి మరీ దూరంగా ఏమీ లేడు.

అలాంటివాడు ఎప్పుడైనా స్లాబు కింద అన్నం తింటూ ‘ఈ బతుకు చాలనిపిస్తోంది’ అన్నాడనుకోండి. పక్కవాడు వెంటనే నోరు మూయిస్తాడు: ‘అలా అనకు, పైన తథాస్తు దేవతలుంటారు.’ అక్కడితో మాట ఆగిపోతుంది. మనిషి మళ్ళీ తట్ట ఎత్తుకుంటాడు.

ఈ దేవతల పనితీరు నాకెప్పుడూ అంతుపట్టలేదు. ‘ఈ దీపావళికి బాకీ తీరిపోవాలి’ అని మనవాళ్ళు ఏటా అంటూనే ఉంటారు. ‘రేపు తప్పకుండా డబ్బులిస్తా’ అని కాంట్రాక్టరు రోజూ అంటాడు. వీటికి తథాస్తు అనరెందుకో! చెడు మాటలకే చెవొగ్గే దేవతలను మనమే తయారుచేసుకున్నాం. తోటివాడి మీద ప్రేమతోనే ఆ మాట అంటారని నాకు తెలుసు. దాని ఫలితం మాత్రం, చెప్పుకోవాలని తెరిచిన నోరు మూతపడటం.

చదువుకున్న సైటు ఇంజనీరుకూ ఇదే నమ్మకం ఉంది, కాకపోతే ఇస్త్రీ చేసిన బట్టల్లో. ‘అలాంటివి అడిగితే లేని ఆలోచన పుట్టించినవాళ్ళమవుతాం’ అంటాడాయన. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అపోహల జాబితాలోనే పెట్టింది. ఆత్మహత్య గురించి నేరుగా అడగడం వల్ల ఆ ఆలోచన పెరగదు. అడిగినవాడు కూర్చుని వింటే, మనిషికి కాస్త ఊపిరాడుతుంది.

నోరు మూసుకున్న బాధ వేరే దారి వెతుక్కుంటుంది. నిద్ర పట్టక, తిండి సయించక, తనలో తాను గొణుక్కోవడం మొదలుపెడితే ‘గాలి సోకింది’ అంటారు. తాయెత్తు కడతారు, అది పనిచేయకపోతే గుడికో దర్గాకో తీసుకెళతారు. ఆ దారి చివర ఏముందో 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో చూశాం. దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు ఆశ్రమాల్లో ఒకటి తగలబడితే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక కాలి చనిపోయారు.

మరి గుళ్ళకు వెళ్ళి బాగుపడ్డవాళ్ళ సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. తమిళనాడులో ఒక ముత్తుస్వామి గుడిలో ఉండిపోయిన 31 మంది రోగులను పరిశోధకులు గమనించి, 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. సుమారు ఆరు వారాల్లో రోగ లక్షణాలు ఐదోవంతు దాకా తగ్గాయి. చిన్న అధ్యయనం, పోల్చి చూడటానికి మరో జట్టు లేదు. అయినా అసలు సంగతి వేరే ఉంది. అక్కడ ప్రత్యేకమైన తంతులేవీ జరగలేదు. వేళకు తిండి, పక్కన ఇంటివాళ్ళు, గుడి ఊడ్చడం లాంటి చిన్న పనులు, పిచ్చివాడని వెలివేయని మనుషులు. పరిశోధకులు మేలుకు కారణంగా చూపింది ఆ ఆదరణనే. ఆ ఆదరణకు గోపురం అక్కర్లేదు, రేకుల షెడ్డు చాలు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2008లో ‘మేట్స్ ఇన్ కన్‌స్ట్రక్షన్’ పేరుతో మొదలుపెట్టిన ఆత్మహత్యల నివారణ పనికి మూలం కూడా ఇలాంటి ఆదరణే. డాక్టరును కాదు, తోటి పనివాడినే నమ్ముకున్నారు. సైటులో అందరికీ కొద్దిసేపు శిక్షణ, ముందుకొచ్చిన కొందరికి మరికొంత. వాళ్ళ హెల్మెట్ మీద ఒక స్టిక్కరు ఉంటుంది, ఎవరితో మాట్లాడవచ్చో తెలియడానికి. మన దగ్గర పుదుచ్చేరికి పనికొచ్చిన శ్రీకాకుళం మేస్త్రి తన జట్టులోవాడిని పక్కకు పిలిచి, ‘ఏటన్నా, వారం బట్టి అన్నం సరిగా తినడం నేదు, మాట్టాడ్డం నేదు. చచ్చిపోవాలనిపిస్తందేటి?’ అని అడగడానికి పెద్ద ఖర్చేమీ లేదు. అడిగాక ఒంటరిగా వదలకుండా ఉండాలి. సాయంత్రం సారా కొట్టుకు కాకుండా వేరే వైపు నడిపించాలి. తమిళనాడు, ఆంధ్రాల్లో మూతపడ్డ సారా కొట్లు పుదుచ్చేరిలో ప్రభుత్వ వేలంపాటతోనే నడుస్తాయి కాబట్టి ఆ పని అంత తేలిక కాదు.

2022 అక్టోబరు నుంచి ప్రభుత్వ మానసిక సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఫోను చేయడానికి డబ్బులు పడవు. గోరిమేడులో జిప్మర్ ఆసుపత్రి ఉంది, అందులో మానసిక వైద్య విభాగం ఉంది. అయితే ఆ నంబరును గోడకు అంటించి, కూలి డబ్బులు మూడు వారాలు బిగబట్టే కాంట్రాక్టరుకు ఆ కాగితమే కొత్త తాయెత్తు. బాకీ వల్ల పోయిన నిద్ర మాటలతో తిరిగి రాదు. తప్పును వేరేదాని మీదకు నెట్టడం మనకు కొత్త కాదు. 2014లో చెన్నై మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల మేడ కూలి 61 మంది పోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు ఎందరో. పిడుగు పడి కూలిందన్నారు కట్టించినవాళ్ళు. విచారణలో బయటపడ్డవి నిర్మాణ లోపాలు. మనసు కూలినా ‘వాడి రాత’ అనేది ఆ పిడుగు సాకు లాంటిదే.

కూలీ జిప్మర్ ఓపీలో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది. 1996 చట్టాలతో మొదలైన పద్ధతిలో కట్టడాల వ్యయం నుంచి సెస్సు వసూలు చేసి కట్టడం పనివాళ్ళ సంక్షేమ బోర్డులు నడుపుతున్నారు. పెద్ద జబ్బులకు వైద్య ఖర్చు ఇవ్వడం కూడా ఆ బోర్డుల పనుల్లో ఉంది. మానసిక జబ్బును శరీర జబ్బుతో సమానంగా చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అలాంటప్పుడు కుంగుబాటుకు మందు తెచ్చుకోవడానికి పోయిన రోజు కూలిని బోర్డు ఎందుకు ఇవ్వకూడదో పుదుచ్చేరి కార్మిక శాఖ చెప్పాలి.