పెరటి యుద్ధాలు, ఫోమ్ బాణాలు

ఈ వేసవిలో నెలరోజులు టెక్సాస్‌లో, డాలస్ శివారులో ఉన్న మా చెల్లెలి ఇంట్లో గడిపాను. వెళ్ళిన మూడోరోజు పొద్దున్నే చిన్నది, ఎనిమిదేళ్ళ పిల్ల, నా మంచం దగ్గరికి వచ్చి "పెద్దమ్మా, ఇవాళ బ్యాటిల్ ఉంది. నువ్వు మా టీమ్‌లో ఉంటావా?" అని అడిగింది. దాని రెండు చేతుల్లోనూ పట్టనంత పెద్ద ప్లాస్టిక్ తుపాకి. బ్యాటరీలతో మోటారు తిరిగి మెత్తటి ఫోమ్ బాణాలను వరసగా విసిరే రకం. చూడగానే నాకు నచ్చలేదు. అంగన్‌వాడీ కార్యకర్తల శిక్షణలో, తల్లుల సమావేశాల్లో "ఆడపిల్లకి లక్కపిడతలు, మగపిల్లాడికి తుపాకి కొనిచ్చే అలవాటు మానండి" అని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చినదాన్ని. ఆడపిల్ల చేతిలో తుపాకి ఉంటే ఏం చెప్పాలో మన శిక్షణ పుస్తకాల్లో లేదు.

సరే, చూద్దామని పెరట్లో కుర్చీ వేసుకొని కూర్చున్నాను. తర్వాత రెండు వారాలు దాదాపు రోజూ కూర్చున్నాను.

ఆ బొమ్మ ఎట్లా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. పాత రకం ఫోమ్ తుపాకుల్లో స్ప్రింగు ఉంటుంది. ప్రతి బాణానికీ ముందు మీటను బలంగా వెనక్కి లాగాలి. పన్నెండేళ్ళ అన్న సులువుగా లాగేవాడు. చిన్నదాని చేత అయ్యేది కాదు. అందువల్ల ఏడాదిపాటు ప్రతి యుద్ధంలోనూ అది గాయపడ్డ సైనికుడో, బాణాలు అందించే మనిషో అయిందట. మోటారు రకంలో లోపల రెండు చిన్న చక్రాలు ఎదురెదురుగా తిరుగుతాయి. ఒక మీట నొక్కితే చక్రాలు రొద చేస్తూ వేగం అందుకొంటాయి, రెండోది నొక్కితే బాణం వాటి మధ్యకు వెళ్తుంది, అవి దాన్ని పట్టి విసురుతాయి. బాణం బరువు గ్రాము, వేగం సెకనుకు సుమారు 20 మీటర్లు. వేలికి ఉన్న బలం చాలు. అది చేతికి వచ్చిన రోజు నుంచి చిన్నది బాణాలు అందించటం మానేసింది.

ఒక సాంకేతిక మార్పు శరీర బలాన్ని ఆటలోంచి తీసేస్తే పాత్రలు ఎంత త్వరగా మారిపోతాయో నా కళ్ళతో చూశాను. "బలం లేదు కాబట్టి నువ్వు ఈ పని చెయ్యి" అని ఎన్ని పొలాల్లో, ఎన్ని ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళు వినలేదు! ట్రాక్టరు వచ్చాక బలం ప్రశ్నే లేదు, అయినా స్టీరింగు ముందు కూర్చున్నది మగవాడే. ఇక్కడ కనీసం చిన్నది తుపాకి లాక్కొంది. అన్న ఇచ్చాడనుకొనేరు, ఇవ్వలేదు, రెండు రోజులు ఏడ్చి సాధించింది.

నా చిన్నతనం గుర్తొచ్చింది. 1990 ప్రాంతాల్లో కరీంనగర్ జిల్లాలో మా ఊళ్ళో పిల్లలం కందికట్టెలతో పోలీసులు, అన్నల ఆట ఆడేవాళ్ళం. తుపాకి అంటే ఏమిటో మాకు సినిమా చూసి తెలియలేదు, రాత్రిపూట వచ్చే జీపుల వల్ల తెలిసింది. ఆ ఆటలో ఆడపిల్లలకు కట్టె ఇచ్చేవాళ్ళు కాదు. "మీరు అన్నలకు అన్నం తేవాలె" అనేవాళ్ళు. మేం మోదుగాకుల్లో మట్టి పెట్టి తెచ్చేవాళ్ళం. విప్లవం కూడా మా చేతికి మట్టి అన్నమే ఇచ్చిందని ఇప్పుడు నవ్వుకొంటాను గానీ, అప్పుడు చాలా ఉక్రోషంగా ఉండేది. కాబట్టి తుపాకి బొమ్మ పట్టుకొన్న ఆడపిల్లను చూసి "హింస" అని ఒక్క మాటలో తీర్పు చెప్పటం నాకు చేతకావటం లేదు.

వ్యాపారులు ఈ సంగతి మనకంటే ముందే పసిగట్టారు. నెర్ఫ్ అనే పేరు మొదట 1970లో ఒక ఫోమ్ బంతిది. ఇంట్లో విసిరినా ఏదీ పగలదన్నది దాని గొప్ప. బాణాల తుపాకులు తర్వాత, 1990లలో వచ్చాయి. 2013లో హాస్‌బ్రో కంపెనీ ఆడపిల్లల కోసమని రెబెల్ పేరుతో ప్రత్యేకంగా ఒక వరుస తెచ్చింది. గులాబీ, ఊదా రంగులు, వాటి మీద పూల తీగలు, ఒక విల్లు పేరు హార్ట్‌బ్రేకర్. యుద్ధానికి వెళ్ళినా ఆడపిల్ల గుండెలే పగలగొట్టాలన్నమాట! కొన్నేళ్ళకు ఆ వరుస ఆగిపోయింది. మా చిన్నదానికి మొదట ఎవరో గులాబీ రంగుదే కానుకగా ఇచ్చారట, అది ముట్టుకోలేదు. "అది తక్కువ దూరం వెళ్తుంది" అన్నది. నిజమో కాదో నేను కొలవలేదు. కానీ గులాబీ రంగు వస్తువు రెండో రకం వస్తువని ఎనిమిదేళ్ళకే దానికి తెలిసిపోయింది.

మెత్తటిది కదా, ఏమవుతుందిలే అనుకోవటానికి లేదు. 2017లో లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి వైద్యులు ఇట్లాంటి బాణాలు తగిలి కంటి లోపల రక్తం చేరిన మూడు కేసుల గురించి రాశారు. వారిలో ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరు 11 ఏళ్ళ పిల్లవాడు. కళ్ళద్దాలు పెట్టుకోనివాళ్ళని పెరట్లోకి రానివ్వకూడదు. మా చెల్లెలు ఆ నియమం పెట్టింది. నేను ఇంకొకటి చేర్పించాను: ఎవరు "ఆపు" అన్నా ఆ క్షణంలో ఆట ఆగాలి, "ఎందుకు" అని అడగకూడదు. మొదటి రోజు అన్న, వాడి స్నేహితులు దాన్ని లెక్కచెయ్యలేదు. "అది ఓడిపోతున్నప్పుడల్లా ఆపు అంటుంది" అని ఫిర్యాదు. అయితే అననీయండి అన్నాను. నాలుగు రోజులకు మగపిల్లలు కూడా ఆ మాట వాడటం మొదలుపెట్టారు. వాళ్ళకీ అవసరమే, ఇంతకాలం అడగటానికి సిగ్గు.

ఇక ఆట అయిపోయాక? గడ్డిలో, పొదల్లో, వాన నీళ్ళు పోయే గొట్టంలో నూటికి పైగా బాణాలు. మోటారు రకం నిమిషంలో ఖాళీ చేసేదాన్ని ఏరటానికి గంట పడుతుంది. మొదటి వారమంతా ఏరింది మా చెల్లెలు, తొమ్మిది గంటల ఆఫీసు పని తర్వాత, నడుం వంచి. వంగిన బాణం ఇరుక్కొంటే మూత తీసి లాగేదీ, బ్యాటరీలు మార్చేదీ కూడా ఆమే. "నువ్వెందుకు ఏరుతున్నావే?" అంటే "లేకపోతే గడ్డి కోసే మిషన్‌లో పడతాయక్కా" అంది. గడ్డి కోసేది మా మరిది. అంటే ఆయన మిషన్‌ను కాపాడటానికి ఈమె బాణాలు ఏరాలి. యుద్ధం తర్వాత చెత్త ఎత్తేది ఎవరన్న ప్రశ్న ఎంత చిన్న యుద్ధానికైనా ఉంటుంది.

ఇదంతా ఎత్తైన చెక్క కంచె లోపల జరిగే ఆట అని కూడా గుర్తుంచుకోవాలి. 2014 నవంబరు 22న క్లీవ్‌లాండ్‌లో తామిర్ రైస్ అనే పన్నెండేళ్ళ నల్లజాతి పిల్లవాడు పార్కులో బొమ్మ తుపాకితో ఆడుకొంటుంటే, పోలీసు కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలోపే అతన్ని కాల్చారు. మర్నాడు చనిపోయాడు. కాల్చిన పోలీసు మీద నేరారోపణ చెయ్యటానికి 2015లో గ్రాండ్ జ్యూరీ నిరాకరించింది. బొమ్మ తుపాకుల కొస నారింజ రంగులో ఉండాలని అక్కడ 1988లోనే చట్టం వచ్చింది. తామిర్ చేతిలో ఉన్నదానికి ఆ కొస లేదు. ఉంటే బతికేవాడా? అతని తల్లి సమారియా రైస్ ఇన్నేళ్ళుగా న్యాయం కోసం తిరుగుతూనే ఉంది. మా చెల్లెలు పిల్లల్ని తుపాకులతో వీధి వైపు గేటు దాటనివ్వదు. కారణం పిల్లలకు చెప్పలేదు. పెద్దవాడికి ఇప్పుడు మీసకట్టు వస్తోంది, వాడికైనా చెప్పాలని మేమిద్దరం ఒక రాత్రి చాలాసేపు వాదించుకొన్నాం. "చెబితే భయపడతాడక్కా" అంది. తామిర్‌కూ పన్నెండేళ్ళే అన్నాను. చివరికి నేను వచ్చేసే ముందు ఆదివారం చెప్పింది. వాడు ఏమీ అనలేదు. తన తుపాకి తీసుకెళ్ళి గ్యారేజీలో పైఅరలో పెట్టాడు. చిన్నది మాత్రం దానిదాన్ని ఇవ్వలేదు.

వచ్చేముందు పుట్టినరోజు కానుకగా ఏం కొనమంటావని దాన్ని అడిగాను. నేను ఇంకో తుపాకి కొననని దానికి తెలుసు. రెండు జతల కళ్ళద్దాలు అడిగింది, ఒకటి తనకి, ఒకటి అన్నకి. అవి కొన్నాను. బాణాలు ఏరటానికి పొడుగు పిడి ఉన్న వలసంచి కూడా ఒకటి కొని మా మరిది చేతికి ఇచ్చాను.