మేసన్ కంటే ముందు మరియానా

మా హెర్న్‌డన్ ఉన్నది ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో. వర్జీనియా హక్కుల ప్రకటనకు ముసాయిదా రాసిన జార్జ్ మేసన్ ఇల్లు, గన్‌స్టన్ హాల్, ఈ కౌంటీలోనే ఉంది. అందుకే కాబోలు, ఇక్కడి తెలుగువాళ్ళ మాటల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. అధికారం ప్రజలదేనన్న ఆలోచన 1776లో ఈ గడ్డ మీదే పుట్టిందట, దానికి మూలపురుషుడు ఇంగ్లండు ప్రొటెస్టెంటు జాన్ లాక్ అట. మరి క్యాథలిక్ ఫాదర్లు, ముఖ్యంగా జెసూట్లనే మత సంఘంవాళ్ళు? రాజులకూ పోపుకూ కొమ్ముకాసిన కుట్రదారులట.

ఈ కథ జెసూట్ల శత్రువులు అల్లింది. 1640ల్లో ఇదే వర్జీనియా, క్యాథలిక్ ఫాదరు అడుగుపెడితే హెచ్చరించి అయిదు రోజుల్లో వెళ్ళగొట్టాలని చట్టం చేసింది. వాళ్ళ గురించి అలాంటి చోట మంచి మాట ఎలా మిగులుతుంది?

1599లో టొలెడోలో హువాన్ దె మరియానా అనే జెసూట్, రాజు ఎలా ఉండాలో చెబుతూ ఒక పుస్తకం అచ్చువేశాడు. అంకితం సాక్షాత్తూ స్పెయిన్ రాజు మూడో ఫిలిప్‌కే. రాజుకు అధికారం ఇచ్చింది జనమేనని, ఇచ్చినా కొంత తమ దగ్గరే ఉంచుకున్నారని, వాళ్ళు ఒప్పుకోకుండా కొత్త పన్ను వేయరాదని అందులో రాశాడు. ఎంత చెప్పినా దారికి రాని నిరంకుశుణ్ణి చంపినా తప్పులేదన్నాడు. ఆ చివరి మాట జెసూట్లందరి మెడకూ చుట్టుకుంది. 1610లో ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ హత్య జరిగాక పారిస్ న్యాయస్థానం ఆ పుస్తకాన్ని తగలబెట్టించింది. జెసూట్ల పెద్ద అక్వావీవా కూడా అదే ఏడాది ఆ బోధన ఆపమని ఆజ్ఞాపించాడు.

నాకు మాత్రం మరియానాలో నచ్చింది హత్య గురించి రాసిన అధ్యాయం కాదు, 1609లో నాణేల మీద రాసిన చిన్న పుస్తకం. స్పెయిన్ రాజు చిల్లర నాణేల్లో వెండి తీసేసి ఉత్త రాగితో ముద్రించాడు, పాత నాణేల మీద రెట్టింపు విలువ కొట్టించాడు. ఖజానా నిండింది, సరుకుల ధరలు పెరిగాయి. ఇది జనాన్ని అడగకుండా దొడ్డిదారిన వేసిన పన్ను అని, ప్రజల సొత్తు దోచుకోవడమేనని మరియానా తేల్చిచెప్పాడు. డెబ్బై దాటిన ఆ ముసలాయన్ని పట్టుకెళ్ళి మాడ్రిడ్‌లో ఒక మఠంలో నిర్బంధించారు. రాజుకు కొమ్ముకాసినవాడికి దక్కే మర్యాద ఇదేనా?

ఆ తర్వాత మరో జెసూట్, ఫ్రాన్సిస్కో సువారెజ్. రాజ్యాధికారం దేవుడు నేరుగా రాజు చేతిలో పెట్టింది కాదు, మొదట అది సమాజం మొత్తానిది అని 1613లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్‌కు జవాబుగా రాశాడు. జేమ్స్ ఆ పుస్తకాన్ని లండన్‌లో కాల్పించాడు. జెసూట్ కార్డినల్ బెల్లార్మీన్‌దీ ఇదే వాదం. రాజరికాన్ని సమర్థిస్తూ రాబర్ట్ ఫిల్మర్ రాసి, 1680లో అచ్చయిన పుస్తకం మొదట్లోనే బెల్లార్మీన్ మీద పడుతుంది. ఆ ఫిల్మర్‌ను చిత్తు చేయడానికే లాక్ ప్రభుత్వం గురించిన తన రెండు గ్రంథాల్లో మొదటిది రాశాడు. ఫిల్మర్ పుస్తకం అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్ గ్రంథాలయంలో ఉండేది. దీన్ని పట్టుకుని బెల్లార్మీనే ఆ ప్రకటనకు తాత అని వాదించినవాళ్ళూ లేకపోలేదు. అది అతి. లాక్ జెసూట్ల శిష్యుడు కాదు. కానీ ఆ వాదం ఆయన పుట్టకముందే యూరప్‌లో అచ్చులో ఉంది.

రాజును కిందికి దించింది పోపును పైకెత్తడానికే కదా, అని అడుగుతారు. నిజమే. రాజు అధికారం జనం నుంచి, పోపు అధికారం దేవుడి నుంచి అని వాళ్ళ లెక్క. ఆ రెండో సగం నాకూ మింగుడుపడదు. అయితే ఆ బెల్లార్మీన్ లౌకిక విషయాల్లో పోపుకు నేరుగా అధికారం లేదన్నందుకు, ఆయన పుస్తకాన్ని పోపు అయిదో సిక్స్‌టసే నిషేధ జాబితాలో పెట్టబోయాడు. చివరికి పోర్చుగల్ 1759లో, ఫ్రాన్స్ 1764లో, స్పెయిన్ 1767లో జెసూట్లను వెళ్ళగొట్టాయి. 1773లో పోపు ఆ సంఘాన్నే రద్దుచేశాడు. తమ తొత్తుల్ని ఇలా తరిమికొట్టిన యజమానులు ఎక్కడైనా ఉన్నారా?

జెసూట్లు మనకూ కొత్త కాదు. విజయనగర రాజు వేంకటపతి రాయలు చంద్రగిరిలో వాళ్ళకు చోటిచ్చాడు. ఆయన పోయాక జగ్గరాయడు రాజకుటుంబాన్ని చంపించిన తీరు, యాచమనాయుడు ఒక చాకలి సాయంతో ఆ కుటుంబంలోని పసివాణ్ణి బయటికి తెప్పించిన తీరు మనకు తెలిసింది ముఖ్యంగా బర్రాదాస్ అనే జెసూట్ 1616లో కొచ్చి నుంచి రాసిన ఉత్తరం వల్లే.

ఇక జెసూట్ల తరఫున నేను చేస్తున్న ఈ వాదానికి గట్టి అభ్యంతరం ఇక్కడే, పొటోమాక్ అవతలి ఒడ్డున ఉంది. అధికారం సమాజానిదన్న ఆ గురువుల వారసులైన జెసూట్లే మేరీల్యాండ్‌లో బానిసలతో తోటలు నడిపారు. 1838లో 272 మందిని లూసియానాకు అమ్మేశారు, ఆ డబ్బులో కొంత జార్జ్‌టౌన్ కాలేజీ అప్పులకు వెళ్ళింది. దీన్ని దాచాల్సిన పని లేదు. కానీ గన్‌స్టన్ హాల్‌లో మేసన్ పొలాలు దున్నిందీ బానిసలే. బానిసల యజమాని రాసిన హక్కుల ప్రకటనను గౌరవిస్తూ, అదే పాపం చూపించి సువారెజ్‌నూ మరియానానూ కొట్టిపారేయడం న్యాయం కాదు.