చేలన్నిటా ఒకే కాయ

కాళహస్తి పేరు ఒక తెగులుకు కూడా ఉంది. 1970ల మధ్యలో ఆ చుట్టుపక్కల వేరుశనగ పీకితే కాయ పెంకు నల్లబారి, గింజ చిన్నదై కనిపించేది. చెట్టు గిడసబారినా ఆకు మామూలుకంటే పచ్చగా ఉండేది, అదో మోసం. కారణం నేలలోని నులిపురుగు. మందులతో నేలంతా బాగుచేయడం చిన్న రైతు వల్ల కాదు. తిరుపతి పరిశోధన స్థానంవాళ్లు రకరకాల విత్తనాలను ఆ తెగులు మట్టిలోనే వేసి, తట్టుకున్నవాటిని ఏరారు. ఆ గుణంతోనే తిరుపతి-3, తర్వాత కాళహస్తి రకం వచ్చాయి.

ఏరుకోవడానికి రకరకాలు ఉన్నాయి కాబట్టి ఏరారు. నా దిగులంతా ఇక ముందు ఏం ఏరుతామన్నదే.

వేరుశనగ పుట్టుకే ఇరుకు. సుమారు 10,000 ఏళ్ల కిందట దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు కలిశాయి. ఇరవై, ఇరవై క్రోమోజోములు నలభై అయ్యాయి. ఆనాటి నుంచి అడవి చుట్టాలతో దీనికి సహజంగా సంకరం కుదరడం లేదు. తీగ రకం, గుత్తి రకం, ఎర్ర గింజ, లేత గింజ అంటూ కంటికి తేడాలు బోలెడు. జన్యువుల్లో చూస్తే అంతా దగ్గరివాళ్లే.

ఆ ఇరుకును మనం మరింత బిగించాం. చిత్తూరుకు పక్కనే ఉన్న గుడియాత్తం గుత్తి కాయలోంచి ఎంపిక చేసి, 1940లో తిండివనం నుంచి టిఎంవి-2 ఇచ్చారు. అరవై ఏళ్లు రాయలసీమలో దానిదే రాజ్యం. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో కాండం కుళ్లు వైరస్ 2.25 లక్షల హెక్టార్లను పట్టింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. వయ్యారిభామ పుప్పొడి, తామర పురుగులు కలిసి వైరస్‌ను మోశాయి. పక్క చేలో వేరే రకం ఉంటే ఆగేదని నేననను. సాగులో ఉన్న పేరున్న రకాలేవీ దాన్ని తట్టుకోలేదు. భయపడాల్సింది అక్కడే.

తర్వాత 2005లో కదిరి-6 వచ్చింది. మంచి రకమే, కాదనను. కానీ రాయితీ విత్తనమంటే అదే అన్నంతగా పాకింది. ఎకరాకు దాదాపు 60 కిలోల గింజ కావాలి, ఒక కాపుకు పెరిగే విత్తనం తక్కువ. రైతు తన కాయే దాచుకుంటాడు కనుక కంపెనీలకూ ఆసక్తి లేదు. బెట్టను ఓర్చే ధరణి లాంటి తిరుపతి రకాలు ఊళ్లకు చేరడం అందుకే నిదానం.

పటాన్‌చెరు ఇక్రిశాట్ విత్తన బ్యాంకులో దాదాపు 15,000 వేరుశనగ నమూనాలున్నాయి. అవి చల్లగా భద్రంగానే ఉంటాయి గానీ మన మట్టితో, మన ఎండతో పోట్లాడవు.

మీ ఊళ్లో ఎవరైనా తాతలనాటి చెనిక్కాయలు ఇంకా వేస్తుంటే గుప్పెడు కాయలు, ఊరి పేరు రాసిన చీటీతో తిరుపతి పరిశోధన స్థానానికి అందజేయండి. ఈ ఏడే పంపండి. మామూలు గదిలో దాచిన వేరుశనగ గింజ మొలకశక్తి ఏడాదికే పడిపోతుంది.