అర్జీకి జవాబు దొరకని రాజ్యం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ప్రజలకు, పంచాయతీ పెద్దలకు విన్నపం. ఏటా సెప్టెంబర్ 17 వస్తే అది విమోచనమా, విలీనమా, సమైక్యతా దినమా అన్న వాదంతోనే పొద్దుపోతోంది. పేరేదైనా పెట్టుకోండి. ఆ రోజు ప్రతి ఊళ్లో గ్రామసభ కూర్చోవాలి. ఆ ఏడాది ఊరివాళ్లు పెట్టుకున్న అర్జీల్లో ఏవి తేలాయో, ఏవి ఎక్కడ ఎందుకు ఆగాయో అధికారులే తెలుగులో చదివి వినిపించాలి. ఇది ఎందుకు కోరుతున్నామో నిజాం రాజ్యం కూలిన తీరు చెబుతుంది.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యం మీదికి కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. 1724 నుంచి నడిచిన ఆసఫ్‌జాహీ పాలన ఐదు రోజుల్లో ముగిసిందంటే, దాని వేళ్లు అంతకు ముందే తెగిపోయాయన్నమాట. జనంలో సగానికి దగ్గరగా తెలుగువాళ్లు, కచేరీలో నడిచేది ఉర్దూ. తన పొలం కాగితంలో ఏం రాశారో రైతు ఇంకొకరిచేత చదివించుకోవాలి. అధికారి దౌరాకు వస్తే సామాను నెత్తిన పెట్టుకుని పక్క ఊరిదాకా మోసినవాడికి కూలి లేదు, కుమ్మరి తెచ్చిన కుండలకు పైసా లేదు. మన దగ్గర ఇంకో చిక్కు. గద్వాల, వనపర్తి, కొల్లాపురం రాజులు నిజాంకు పేష్కష్, అంటే కప్పం, కట్టేవాళ్లు. రైతు నెత్తిన రాజు, రాజు నెత్తిన నిజాం, ఇక మొర ఎవరికి? గోడు చెప్పుకోను నలుగురూ కూడాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద ముందే అనుమతి తెచ్చుకోవాలి. 1930లో జోగిపేటలో మన సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ జరిగింది. ఆ తొలినాటి సభలు రాజును దిగిపొమ్మనలేదు. బడిలో తెలుగు, వెట్టికి స్వస్తి, సభ పెట్టుకునే స్వేచ్ఛ, ఇంతే అడిగాయి. ఇవి ఇచ్చి ఉంటే ఖజానాకు పోయేదేముంది? 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌నైతే పుట్టకముందే నిషేధించారు. 1947 అక్టోబర్ నాటికి ఆత్మకూరు ప్రాంతంలోని అప్పంపల్లిలో జనానికి దొరికిన జవాబు పోలీసు తూటా.

నిజాంసాగర్ కట్టలేదా, ఉస్మానియా పెట్టలేదా, గద్వాల ప్రభువులు పండితులను ఆదరించలేదా అని అడుగుతారు. నిజమే, కాదనం. కట్టినదానికి జనం దండం పెడతారు. అడిగే నోరు నొక్కితే మాత్రం ఆ దండం నమ్మకంగా మారదు. సైన్యం రాకపోతే కూలేదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. అప్పటికప్పుడు కూలకపోవచ్చు. కానీ నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల ఆగడాలను ఆపని రోజునే ఆ పాలన తన ప్రజలను వదులుకుంది. రజాకార్లను నిలదీసిన ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హత్య చేశారు. ఏళ్లుగా రగిలిన కసి చివరికి ఎవరిమీద పడిందో కూడా చెప్పుకోవాలి. సైన్యం వచ్చాక ఏ అధికారమూ ఎరగని ముస్లిం పేదలు బలయ్యారు. ఆ ఏడాది చివర్లో భారత ప్రభుత్వం తరఫున ఊళ్లు తిరిగి చూసిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. మొర వినని పాలనకు మూల్యం చెల్లించింది వీళ్లు.

ఇప్పుడు ఓటుంది, సోమవారం ప్రజావాణి ఉంది, ఇంకేం కావాలంటారా? అర్జీ పుచ్చుకోవడం వేరు, జవాబు చెప్పడం వేరు. పహాణీ, ఖాస్రా, సేత్వారు అన్న మాటలు మన రైతు నోట ఇంకా ఆడుతున్నాయి. ఆ కాగితాల్లో తన పేరు ఎందుకు మారిందో అతనికి అర్థమయ్యేలా చెప్పే మనిషి కావాలి. కొత్త చట్టం అక్కర్లేదు. తెలుగు 1966 నుంచి అధికార భాషే. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటోంది. కాబట్టి వచ్చే సభలోనే ఈ తీర్మానం చేసి కలెక్టరుకు పంపండి. సెప్టెంబర్ 17న చదివిన పట్టీని, తేలని అర్జీలతో సహా, పంచాయతీ గోడకు అంటించమనండి.