వేషం వెనుకనున్న వాద్యకారులు

వేషం వేసినవానికి విద్య ఉండదనే అభిప్రాయం లోకంలో చాలా పాతది. ముఖాన రంగు పూసుకొని, తళుకుల దుస్తులు తొడిగి, ఎత్తు మడమల జోళ్ళతో రంగస్థలమెక్కిన యువకుని చూడగానే, పాట చేతకాక వేషానికి దిగినాడనే మాట పెద్దల నోట అలవోకగా వెలువడుతుంది. 1970 ప్రాంతంలో ఇంగ్లండులో పుట్టి నాలుగైదేండ్లు వెలిగిన ‘గ్లామ్ రాక్’ అనే సంగీతశాఖకు ఈ నింద మిక్కిలిగా తగిలింది. నింద ఎంతవరకు న్యాయమో తేల్చవలెనంటే, ముందు నిలిచి పాడిన నాయకుని చూస్తే చాలదు. వాని వెనుక నిలిచి వాయించిన చిన్నపట్టణాల కుర్రవాండ్రను చూడవలె. వారిని గురించి మాట్లాడేవారు తక్కువ.

‘గ్లామ్’ అనేది ‘గ్లామర్’ అనే మాటకు కుదింపు. సంగీతదృష్టితో చూస్తే ఇందులో కొత్తదనం అంత ఎక్కువేమీ లేదు. విద్యుత్ గిటారు, బేస్ గిటారు, డ్రమ్ములు. పాదంతో నేలను తన్నినట్లుండే గట్టి తాళం. ఒక్కసారి వింటే నోట నిలిచే చిన్న పల్లవి. 1950ల నాటి రాక్ అండ్ రోల్‌కు ఇది మనుమడని చెప్పవచ్చు. కాని 1960ల చివరికి వచ్చేసరికి రాక్ సంగీతం మహాగంభీరమై కూర్చున్నది. నిత్యం తొడిగే దుస్తులతోనే వేదికనెక్కి, సభ ఉన్నదన్న ధ్యాస లేకుండా, ఒకే వరుసను అరగంటసేపు సాగదీయటం గొప్పతనంగా చలామణి అయినది. దానికి ఎదురుతిరిగినవారు వేషాన్ని తెచ్చినారు. 1971 మార్చిలో మార్క్ బోలన్ అనే గాయకుడు కళ్ళ కింద తళుకుపొడి అద్దుకొని బి.బి.సి. టెలివిజన్‌లో ‘హాట్ లవ్’ పాడినదే ఈ శాఖకు ఆరంభమని పలువురు అంటారు. అంతకు ఏడాది ముందే ఒక చిన్న బృందం ఆ పని చేసి, నవ్వులపాలై, మరుగున పడింది.

ఆ బృందం పేరు ‘హైప్’. 1970 ఫిబ్రవరి 22న లండనులోని రౌండ్‌హౌస్‌లో, అనగా ఒకప్పుడు రైలు ఇంజన్లను నిలిపిన గుండ్రని షెడ్డులో, నలుగురు యువకులు వేదికనెక్కినారు. పాడినవాడు 23 ఏండ్ల డేవిడ్ బోవీ. ఇంద్రధనుస్సు రంగుల దుస్తులలో ఉన్నాడు. బేస్ గిటారు వాయించిన టోనీ విస్కోంటి న్యూయార్కు నుండి వచ్చినవాడు. బొమ్మల కథలలోని వీరునివలె భుజాన ఉత్తరీయం కట్టుకున్నాడు. డ్రమ్ముల వద్ద జాన్ కేంబ్రిడ్జి పెద్ద టోపీ పెట్టుకొని అమెరికా పశులకాపరి అయినాడు. గిటారు పట్టిన మిక్ రాన్సన్ బంగారు జరీ కోటుతో సినిమా గూండా వేషంలో నిలిచినాడు. సభకు ఇదంతా వింతగా తోచింది. గేలి చేసినవారే ఎక్కువ. అయినా గ్లామ్ రాక్ పుట్టినది ఆ రాత్రేనని విస్కోంటి తరువాత గట్టిగా చెప్పినాడు. ఆ కొద్దిమంది శ్రోతలలో మార్క్ బోలన్ ఉండటం తాను కళ్ళారా చూచితినని కూడ చెప్పినాడు.

బంగారు కోటు తొడిగిన ఆ రాన్సన్ ఎవరు? ఇంగ్లండు ఈశాన్యతీరంలో హల్ అనే రేవుపట్టణం ఉన్నది. చేపలవేటకు, ఓడలకు పేరుపొందిన ఊరు. 1946లో అక్కడ పుట్టి, చిన్ననాడు పియానో, వయొలిన్ నేర్చి, తరువాత గిటారుకు మరలినాడు. 1965లో లండను వెళ్ళి మోటారు మెకానిక్‌గా కొంతకాలం పనిచేస్తూ బృందాలలో వాయించినాడు. అక్కడ నిలదొక్కుకోలేక ఊరికి తిరిగివచ్చి, పురపాలక సంఘంవారి ఉద్యానశాఖలో తోటమాలిగా కుదిరినాడు. సాయంకాలాలు ‘ర్యాట్స్’ అనే స్థానిక బృందంలో వాయించేవాడు. 1970 ఆరంభంలో పాత మిత్రుడు కేంబ్రిడ్జి వెతుక్కుంటూ వచ్చేసరికి, ఆటస్థలంలో రగ్బీ ఆటకు సున్నపుగీతలు గీస్తున్నాడట. ఒకసారి లండనులో దెబ్బతిని వచ్చినవాడు కనుక మొదట రానన్నాడు. చివరికి ఒప్పుకున్నాడు. వారాలు గడిచేసరికి జరీకోటుతో వేదిక మీద ఉన్నాడు.

విధి చేష్ట ఏమంటే, రాన్సన్‌ను వెతికి తెచ్చిన కేంబ్రిడ్జి స్థానమే కొద్ది వారాలకు పోయింది. ఆ చోటికి రాన్సన్ తన ప్రాంతపు మరొక కుర్రవానిని సూచించినాడు. ఇరువదియేండ్ల ఆ మిక్ వుడ్‌మన్సీది డ్రిఫీల్డ్ అనే చిన్న ఊరు. కళ్ళజోళ్ళు తయారుచేసే కర్మాగారంలో కూలి. లండను నుండి పిలుపు వచ్చిన రోజులలోనే కర్మాగారంవారు అతనికి మేస్త్రీ కింది పదవి ఇవ్వజూపినారు. ఒకవైపు నెలలు తప్పని జీతం, రెండవవైపు జీతమే లేని బృందం. అతడు ఎంతో తర్జనభర్జన పడి రెండవదానిని ఎంచుకున్నట్లు 2016లో వెలువడిన తన జ్ఞాపకాల గ్రంథంలో వ్రాసినాడు. ఇటువంటి నిర్ణయాన్ని ఉడుకురక్తమని కొట్టివేయటం తేలిక. కాని ఆ వయస్సున ఆ పదవిని కాదనటానికి కావలసిన ధైర్యం, దానిని స్వీకరించటానికి కావలసిన బుద్ధి కంటె తక్కువదేమీ కాదు.

వేషం వారికి సులభంగా అబ్బలేదు. ఇది గమనించదగిన విషయం. 1972లో బోవీ ‘జిగ్గీ స్టార్‌డస్ట్’ అనే కల్పిత పాత్రను సృష్టించి, తనవారికి ‘అంగారక గ్రహపు సాలెపురుగులు’ అని పేరుపెట్టి, గులాబి, నీలం, బంగారు రంగుల బిగుతు దుస్తులు చూపించినాడు. రాన్సన్ వాటిని చూచి, మాట్లాడక పెట్టె సర్దుకొని రైలుస్టేషనుకు వెళ్ళిపోయినాడని వుడ్‌మన్సీ చెబుతాడు. హల్ రేవులోని స్నేహితులు ఏమంటారోనన్నదే అతని భయం. ఇంగ్లండులో పురుషుల మధ్య ప్రేమ నేరం కాకుండా పోయి అప్పటికి అయిదేండ్లే. మగవాడు కంటికి కాటుక దిద్దితే కూలివాడలలో అది కేవలం పరిహాసంతో పోయేది కాదు. వుడ్‌మన్సీయే స్టేషనుకు వెళ్ళి, నచ్చజెప్పి వెనుకకు తెచ్చినాడు. మూడవవాడు, బేస్ గిటారు వాయించే ట్రెవర్ బోల్డర్ నల్లని చెంపవెండ్రుకలకు వెండిరంగు వేసుకున్నాడు. కొన్నాళ్ళకు కాటుకడబ్బీ ఎవరు తీసినారని తమలో తాము తగవులాడుకొనే స్థితికి వచ్చినారట!

ఈ సంకోచాన్ని తెలుగు పాఠకుడు అర్థం చేసుకొనటం కష్టం కాకూడదు. అయినా ఒక భేదమున్నది. స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగా జడ చేతబట్టి రంగస్థలం మీదికి వచ్చినపుడు ఆంధ్రదేశం పరవశించింది. ఎవరూ ఆయన పౌరుషాన్ని శంకించలేదు. కూచిపూడి భాగవతులకు స్త్రీవేషం వంశపారంపర్యమైన విద్య. వారి వెనుక శతాబ్దాల సంప్రదాయం నిలిచి ఉన్నది. హల్ కుర్రవాండ్ర వెనుక ఏ సంప్రదాయమూ లేదు. తమ వేషానికి తామే బాధ్యులు. దారిలో ఎదురైనవానికి తామే సమాధానం చెప్పుకోవలె. కనుక వారి తళుకుబట్టను చవుకబారు ఆకర్షణ అనేవారు దానికి వారు చెల్లించిన వెలను లెక్కలో వేసుకోలేదని చెప్పక తప్పదు.

1972 జూలై 6న ఈ బృందం బి.బి.సి. టెలివిజన్‌లో ‘స్టార్‌మన్’ వాయించింది. పాట మధ్యలో బోవీ రాన్సన్ భుజం మీద చేయి వేసినాడు. అంతే. ఆనాడు ఇంట్లో కూర్చుని అది చూచిన బడిపిల్లలలో పలువురు తమ జీవితం అక్కడ మలుపు తిరిగినదని పెద్దయిన తరువాత చెప్పినారు. 1980ల గాయకులలో వారి సంఖ్య తక్కువ కాదు.

ఇక విద్య మాట. మొదటి బృందం యువకునికి పాఠశాల అవుతుందా, కాలహరణమవుతుందా అన్న ప్రశ్నకు రాన్సనే జవాబు. పలువాద్యాలకు స్వరాలు కూర్చే విద్యలో విస్కోంటి అతనికి దారి చూపినాడు. చిన్ననాటి పియానో, వయొలిన్ పాఠాలు అప్పటికి అక్కరకు వచ్చినవి. 1971 డిసెంబరులో వెలువడిన ‘హంకీ డోరీ’ సంపుటిలోని ‘లైఫ్ ఆన్ మార్స్?’ పాటలో వయొలిన్ల బృందం మెట్లుమెట్లుగా ఎగసి పోయే ఘట్టమున్నది. దానిని కూర్చినది ఈ తోటమాలే. ఏడాది తిరగకుండా లూ రీడ్ అనే అమెరికా గాయకుని ‘ట్రాన్స్‌ఫార్మర్’ సంపుటికి బోవీతో పాటు నిర్మాతగా నిలిచినాడు. జరీకోటులో నవ్వులపాలయిన నాటికీ దీనికీ మధ్య మూడేండ్లు కూడ నిండలేదు. ఏ సంగీత కళాశాల ఇంత త్వరగా ఇంత విద్య నేర్పుతుందో చెప్పటం కష్టం.

ఇంతవరకు ఉజ్జ్వలంగా ఉన్న కథలో ఒక చీకటికోణమున్నది. పాశ్చాత్య సంగీతవ్యాపారంలో పాటపై హక్కు దానిని రచించి వరుసకట్టినవానిది. గిటారుపై ఒక ఎత్తుగడ కల్పించి పాటకు ప్రాణం పోసినవానికి ఆ హక్కులో భాగం మామూలుగా లేదు, వారపు జీతమే. 1972–73లో అమెరికా సంచారంలో, కొత్తగా చేరిన పియానో వాద్యకారునికి తమకంటె ఎన్నో రెట్లు ముడుతున్నదని వుడ్‌మన్సీ, బోల్డర్ అనుకోకుండా తెలుసుకున్నారు. జీతం సంగతి నిలదీసినారు. 1973 జూలై 3న లండనులోని హామర్‌స్మిత్ ఓడియన్‌లో బోవీ వేలమంది ముందు ఇదే ఆఖరి ప్రదర్శన అని ప్రకటించినాడు. రాన్సన్‌కు ముందే తెలుసు. డ్రమ్ముల వద్ద కూర్చున్నవానికీ, బేస్ వాయిస్తున్నవానికీ శ్రోతలతో పాటే తెలిసింది. ఆ తరువాతి సంపుటికి వుడ్‌మన్సీని పిలువలేదు.

కళాకారుడు ఒక పాత్రను చాలించుకొనటంలో తప్పు లేదు. బోవీ ప్రతిభ మార్పులోనే ఉన్నది. నిలిచిపోతే అతడు అతడు కాడు. కాని ఏండ్ల తరబడి పక్కన నిలిచినవారికి సభాముఖంగా సెలవు చెప్పటం మర్యాద కాదు. పక్కవాద్యం లేనిదే కచేరీ లేదని మన సంగీతజ్ఞులు నిత్యం అనే మాట. అయినా మన కచేరీలలో మాత్రం మృదంగ విద్వాంసుని పారితోషికం గాయకునితో సమానమని ఎవరనగలరు? ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్‌ను పక్క నుండి వేదిక మధ్యకు తెచ్చినారు. అటువంటివారు ఒక్కరిద్దరే. పాఠశాల వార్షికోత్సవంలో సైతం బహుమతి మైకు ముందు పాడిన విద్యార్థికి పోతుంది. హార్మోనియం వాయించిన పిల్లవాని పేరు కరపత్రంలో ఉండదు. ఉపాధ్యాయులు దీనిని సరిచేయటానికి ధనం అక్కరలేదు, ఒక పంక్తి అచ్చు చాలు.

రాన్సన్ స్వతంత్రంగా తారగా నిలువలేకపోయినాడు. 1974లో తన పేర సంపుటి వెలువరించినాడు. 1975లో బాబ్ డిలన్ సంచారబృందంలో వాయించినాడు. పలువురికి నిర్మాతగా పనిచేసినాడు. ముందు నిలువటం అతని స్వభావం కాదు కాబోలు. 1992 ఏప్రిల్ 20న వెంబ్లీ మైదానంలో బోవీ పక్కన మళ్ళీ గిటారు పట్టినాడు. అప్పటికే కాలేయపు కాన్సరు సోకి ఉన్నది. 1993 ఏప్రిల్ 29న, 46 ఏండ్లకే మరణించినాడు. 2017లో హల్‌లోని ఈస్ట్ పార్కులో గిటారు ఆకారంలో ఒక స్మారకశిల్పం వెలిసింది. బోల్డర్ 2013లోనూ, బోవీ 2016లోనూ పోయినారు.

హైప్ రోజులు ముగిసిన వెంటనే ఆ మిత్రులు కలిసి చేసిన ‘ద మ్యాన్ హూ సోల్డ్ ద వరల్డ్’ అనే సంపుటిని ఆ కాలంలో వేదిక మీద సాంతం వాయించే అవకాశం వారికి రాలేదు. 2014లో విస్కోంటి, వుడ్‌మన్సీ కొత్తవారిని కొందరిని కూర్చుకొని, ఆ సంపుటిని మొదటినుండి చివరివరకు లండనులో వాయించినారు. ఒకరికి 70 ఏండ్లు, ఒకరికి 64.