దువాతో పాటు దవా

ఆఫ్రికాలో మిషనరీ వైద్యం అనగానే చదువుకున్నవాళ్లకు గుర్తొచ్చే పేరు ఆల్బర్ట్ ష్వైట్జర్. 1913లో భార్యతో కలిసి ఇప్పటి గాబన్ దేశంలోని లాంబరెనె చేరి, నది ఒడ్డున వైద్యం మొదలుపెట్టాడు. తొలిరోజుల్లో ఓ పాత కోళ్లగూడే ఆయన దవాఖాన. తర్వాతెప్పుడో 1952 సంవత్సరానికి నోబెల్ శాంతి బహుమతి వస్తే, ఆ డబ్బును కుష్ఠురోగుల కోసం ఓ పల్లె కట్టడానికి వాడాడు. మన పిల్లల జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఆయన ఉంటాడు. ఉండాల్సిందే. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే, కోరుట్లలో పొద్దున బస్సెక్కితే మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా మధ్యాహ్నం భోజనం వేళకి చేరుకునేంత దూరంలో ఇంకో డాక్టరు ఇదే పని చేసింది. ఆమె పేరు కోరుట్లలో ఎంతమందికి తెలుసో!

ఇసబెల్ కెర్. స్కాట్లాండ్ అమ్మాయి. అబర్దీన్‌లో వైద్యం చదివి, 1907లో మెథడిస్టు పాదిరీ అయిన భర్త జార్జ్ కెర్‌తో నిజాం రాజ్యానికి వచ్చింది. నిజామాబాద్‌లో వైద్యం చేస్తుంటే, ఊరి బయటికి నెట్టేసిన కుష్ఠురోగులు ఆమె కంటపడ్డారు. వాళ్లను చేర్చుకునే చోటే లేదు. 1911లో చిన్న ఆశ్రయం మొదలైంది. వచ్చేవాళ్లు ఎక్కువై అది చాల్లేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ ముందుకొచ్చి విరాళమిచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి లేచింది. క్రైస్తవ దంపతుల పూనిక, హిందూ దాత డబ్బు, ముస్లిం ప్రభువు రాజ్యం. ఎవరూ ఎవరి దేవుణ్నీ అడ్డం పెట్టుకోలేదు. 1923లో ఆ దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఆమె డిచ్‌పల్లిలోనే కన్నుమూసింది.

అసలు విశేషం ఇక్కడుంది. ఆమె దగ్గర గట్టి మందంటూ ఏదీ లేదు. డాప్సోన్ మాత్రలు రావడానికి ఇంకా దశాబ్దాలున్నాయి. ఉన్నదల్లా చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. అది మనకు కొత్తదేం కాదు, ఆయుర్వేదంలో తువరక తైలమని సుశ్రుతుడి కాలం నుంచీ ఉన్నదే. తాగితే వాంతులు. కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ దాన్ని సూదిమందుగా ఇచ్చే పద్ధతిని మెరుగుపరిస్తే, ఇసబెల్ దాన్ని డిచ్‌పల్లిలో అమలు చేసింది. ఆ సూది ఎంత నొప్పో భరించినవాళ్లకే తెలియాలి. ‘ప్రార్థన చాలు, మందెందుకు’ అనగలిగే చోటంటూ ఉంటే అది మిషన్ దవాఖానే కదా! రోగి నమ్మకంగా కళ్లు మూసుకుంటాడు, డాక్టరమ్మకూ దేవుడంటే గురే. అయినా ఆమె సిరంజి కింద పెట్టలేదు.

నిజానికి వాళ్ల గ్రంథంలోనే ఓ ముచ్చట ఉంది. ఏసు ఒక కుష్ఠురోగిని ముట్టి బాగుచేశాక, ఊరంతా చాటమని చెప్పలేదు. ఎవరికీ చెప్పొద్దని, వెళ్లి యాజకుడికి ఒళ్లు చూపించుకోమని పంపాడట. ఆ కాలంలో చర్మం పరీక్షించి, ఇతను శుద్ధుడో కాదో తేల్చే అధికారం యాజకుడిదే. అంటే ఆ రోజుల్లో అదే మెడికల్ చెకప్! స్వస్థత సభల్లో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పించేవాళ్లు ఈ వాక్యం దగ్గర ఎందుకో ఆగరు. బాగైనవాడికి మైకు దొరుకుతుంది. బాగుకానివాడు ఆటో మాట్లాడుకుని ఇంటికెళ్లిపోతాడు. అతని లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

ఇది ఒక్క మతం సంగతనుకుంటే పొరపాటే. జగిత్యాల పక్కన కొండగట్టు అంజన్న సన్నిధిలో నలభై రోజులుంచితే మతి చలించినవాళ్లు కుదుటపడతారని నమ్మకం. సిరిసిల్ల వాళ్లకు వేములవాడ రాజన్న కోడె మొక్కు ఉండనే ఉంది. దర్గాల్లో తాయెత్తులూ అంతే. కష్టంలో ఉన్న మనిషికి మొక్కు ఇచ్చే ధైర్యాన్ని తీసిపారేయలేం. చిక్కల్లా మొక్కు మందుకు అడ్డొచ్చినప్పుడే. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. దర్గా మహిమతో నయమవుతుందని అయినవాళ్లే అక్కడ వదిలి వెళ్లారు. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గాలో మాత్రం వేరే దారి తొక్కారు. ముజావర్లు ముందు దువా చేసి, పక్కనే కూర్చున్న డాక్టరు దగ్గరికి రోగిని పంపుతారు. దువా, దవా రెండూ ఒకే వాకిట్లో!

కుష్ఠు విషయంలో ఆలస్యం ఇంకా మాయదారిది. మచ్చకు నొప్పి ఉండదు, దురద ఉండదు, తాకితే తెలియదు. నొప్పి లేదు కాబట్టి నలభై రోజులు ఆగొచ్చు, ఆ తర్వాత ఇంకో నలభై. కొందరిలో తొలి మచ్చ దానంతటదే మాసిపోతుంది కూడా. ఆ పేరు తాయెత్తుకో, నూనె రాసిన చేతికో దక్కుతుంది. మాసిపోనివాళ్లలో లోపల నరం చచ్చిపోతూనే ఉంటుంది. కోరుట్ల, మెట్‌పల్లిలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు వేళ్లే ఆస్తి. సిరిసిల్ల సాంచాల మీద తెగిన పోగు అతికేదీ వేళ్లే. స్పర్శ పోయిన చెయ్యి కాలినా తెలియదు, కోసుకుపోయినా తెలియదు. పుండ్లు పడి, వేళ్లు వంకర తిరిగాక ఏ మందూ వాటిని మునుపటిలా చేయదు.

మందు లేక కాదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళౌషధ చికిత్స ఉంది. రోగాన్ని బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో మాత్రలు మింగితే చాలు. ప్రభుత్వ దవాఖానలో పైసా అడగరు. మందు మొదలెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే గుణం పోతుంది. ఇక జాతీయ స్థాయిలో పదివేల మందికి ఒక కేసు కన్నా తగ్గిందని 2005 చివర్లో ప్రకటించగానే, రోగమే పోయిందనుకున్నాం. 2022-23లోనూ దేశంలో లక్షకు పైగా కొత్త కేసులు బయటపడ్డాయి. దాచుకునేవాళ్ల సంగతి వేరే. దాచుకోక ఏం చేస్తారు? కుష్ఠు ఉంటే విడాకులివ్వొచ్చనే మాట మన చట్టాల్లోంచి పోయింది 2019లోనే!

తాయెత్తులు, మంత్రాలతో కుష్ఠు, మూర్ఛ వంటివి కుదురుతాయని ప్రకటనలిస్తే నేరమని 1954 నుంచీ చట్టం ఉంది. జాతర రోజుల్లో గోడల మీద రాతలు చూస్తే ఆ చట్టానికి మన వైపు దారి తెలియదేమో అనిపిస్తుంది.

అంజన్న దగ్గర రద్దీ మంగళవారం, శనివారం. ఆదివారం ప్రార్థనలు. శుక్రవారం దర్గా. మీ మండల కేంద్రంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బుధవారం కూడా తెరిచే ఉంటుంది. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉంటే, కళ్లు మూసుకుని దానిమీద పెన్ను మొనతో ఎవరిచేతనైనా తాకించుకోండి. తెలియకపోతే ఆ బుధవారమే బయల్దేరండి.