అమ్మకి దుబాసీ

అమెరికాలో ఉన్న మనవాళ్ళందరికీ జీతం లేని ఉద్యోగం ఒకటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఆసుపత్రిలో దుబాసీ పని. డాక్టరు ఇంగ్లీషులో అడుగుతాడు, మనం తెలుగులో చెబుతాం. వాళ్ళు తెలుగులో చెబుతారు, మనం ఇంగ్లీషులోకి మారుస్తాం. నేనూ ఏళ్ళ తరబడి చేశాను. బాగానే చేస్తున్నాననుకున్నాను కూడా, మొన్న చలికాలం దాకా.

అమ్మ ఆర్నెల్లకని వచ్చి, మా ఆవిడ కాన్పు కోసం ఇంకో మూణ్ణెల్లు పొడిగించుకుంది. ఒక రాత్రి పదకొండింటికి కళ్ళు తిరుగుతున్నాయంది, గుండెల్లో బరువుగా ఉందంది. గబగబా కార్లో కూర్చోబెట్టుకుని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాను. నర్సు వచ్చి, రోజూ వేసుకునే మందులేమిటని అడిగింది. "బీపీకి ఒకటి, క్రమం తప్పకుండా వేసుకుంటారు" అని నేనే చెప్పేశాను. అమ్మ వైపు తిరిగి అడగను కూడా లేదు. అడగడానికేముంది, నాకు తెలిసిందేగా!

ఆవిడ రాసుకోకుండా, మీ అమ్మగారిది ఏ భాష అంది. తెలుగు అన్నాను. చక్రాల స్టాండు మీద ఒక టాబ్లెట్ తోసుకొచ్చింది. అక్కర్లేదు, నేనున్నాగా అంటే నవ్వి, "మీరు కొడుకుగా ఉండండి, చాలు" అంది. రెండు నిమిషాల్లో అందులోంచి ఒకమ్మాయి గొంతు స్పష్టమైన తెలుగులో పలికింది. తన నంబరు చెప్పి, ఇక్కడ ఎవరేమన్నా అంతా తెలుగులో చెబుతానంది.

నర్సు నన్నొదిలేసి అమ్మ మొహంలోకి చూస్తూ అడగడం మొదలుపెట్టింది. ఇంట్లో మీకు భద్రంగా ఉందా అన్న ప్రశ్న కూడా వచ్చింది. "నువ్వు కొడుతున్నావా అని అడుగుతోందేవిట్రా?" అని అమ్మ ఆ పరిస్థితిలోనూ నవ్వింది. నేను దుబాసీనైతే ఆ ప్రశ్నని మింగేసేవాణ్ణి. తరవాత మందుల సంగతి వచ్చింది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. నా వైపు చూడకుండా ఆ టాబ్లెట్‌కి చెప్పింది: "ఆర్నెల్లకి సరిపడా తెచ్చుకున్నానమ్మా. ఉండడం ఎక్కువైంది కదా, సగం చేసి వేసుకుంటున్నా. ఇక్కడ కొంటే బోలెడవుతుందిట. పిల్లాడి ఖర్చులు వాడికున్నాయి."

నాకు నోట మాట రాలేదు. మా ఆష్‌బర్న్ డేటా సెంటర్లకి పేరు. పొద్దున లేస్తే క్లయింట్ల దగ్గర డేటా నాణ్యత మీద ఉపన్యాసాలిస్తాను. మా అమ్మ విషయంలో మాత్రం అడక్కుండానే తప్పు డేటా ఎంటర్ చేసేశాను. ఆ సగం బిళ్ళ సంగతి తెలియకపోతే డాక్టరు ఏమనుకునేవాడు? పూర్తి మోతాదు వేసుకుంటున్నా బీపీ అదుపులో లేదని ఇంకో మందు రాసేవాడేమో! పరీక్షలు చేసి, గుండెకేం ఫర్లేదని తేల్చి, తెల్లవారుజామున పంపించారు.

తరవాత కూర్చుని చదివితే తెలిసింది, అది ఆ నర్సు మంచితనం ఒక్కటే కాదని. 2010 నాటి ఆరోగ్య చట్టం ప్రకారం, ఫెడరల్ డబ్బు పుచ్చుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు రాని రోగికి అర్హత గల దుబాసీని ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి. కూడా వచ్చిన బంధువుల మీద ఆధారపడకూడదని 2016లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. దుబాసీ దొరకని అత్యవసరమో, రోగి తనంతట తానుగా కోరడమో ఉంటే తప్ప. 2024లో ఇంకో మెలిక పెట్టారు. ఆ కోరిక కూడా బంధువు ఎదురుగా కాకుండా, విడిగా, దుబాసీ సమక్షంలో చెప్పాలి. కొడుకు ముందు తల్లి ఏం చెబుతుందో, ఏం దాస్తుందో ఎరిగినవాళ్ళే రాసుంటారు.

అలాగని ఇక్కడి వైద్యం స్వర్గమని కాదు. 1986 చట్టం వల్ల ఎమర్జెన్సీకి వెళ్ళినవాళ్ళని డబ్బు లేదని చూడకుండా పంపెయ్యకూడదు, నిజమే. కానీ ఆ తరవాత ఆసుపత్రి బిల్లొకటి, డాక్టరు బిల్లొకటి విడివిడిగా పోస్టులో వస్తాయి. విజిటర్ ఇన్సూరెన్సు పాత జబ్బనే సాకుతో చాలావరకు తప్పుకుంటుంది. అమ్మ బిళ్ళ విరిచింది ఆ భయంతోనే. రోగిని అంత శ్రద్ధగా అడిగే చోటే, రోగి నోరు విప్పడానికి జంకేటంత ఖరీదు.

మరి మన ఊళ్ళో? అక్కడ డాక్టరుదీ తెలుగే, రోగిదీ తెలుగే. దుబాసీ అవసరమే లేదు. అయినా నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు డాక్టరు గారు మంచం మీదున్న ఆయన్ని వదిలేసి, "అటెండెంట్ ఎవరు?" అని నన్ను వరండాలోకి పిలిచారు. సంతకం నాది. డిశ్చార్జి కాయితం ఇంగ్లీషులో. నాన్నకి తన ఒంటికేం జరిగిందో ఇంటికొచ్చాక నేను చెప్పాను, అదీ నాకు తోచినంత. 2008లోనే మన సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో, మత్తులో ఉన్న రోగికి బదులు ఆవిడ తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని చెప్పింది. తీర్పొచ్చింది గానీ అలవాటు పోలేదు. 2007లో ఆరోగ్యశ్రీ పెట్టినప్పుడు రోగికి దారి చూపడానికి ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రల్ని కూచోబెట్టారు. మంచి ఆలోచనే. కానీ జబ్బు గురించి రోగితో మాట్లాడాల్సింది డాక్టరే కదా.

ఎంతసేపూ డాక్టర్లనే అనడం ఎందుకు, మనం మాత్రం? "ఆయనకి చెప్పకండి, కంగారు పడతారు" అని ముందే చెవిలో ఊదేది మనమే. ప్రేమతోనే అంటాం. కానీ ఆ ప్రేమ పేరు చెప్పి, పెద్దవాళ్ళని వాళ్ళ ఒంటి గురించే నోరెత్తనివ్వం.

అందుకని నాదొక మనవి. ఇక్కడ ఆసుపత్రిలో భాష అడిగితే "ఇండియన్" అనకండి, హిందీ వాళ్ళని తెచ్చిపెడతారు. "తెలుగు" అనండి. దుబాసీ వచ్చేదాకా ఆగగలిగితే ఆగండి. వచ్చాక మీరు కాస్త వెనక్కి జరిగి కూచోండి. అక్కడ హైదరాబాదులోనో, విజయవాడలోనో డాక్టరు వరండాలోకి పిలిస్తే, "ఆవిడ ముందే చెప్పండి డాక్టరు గారూ, ఆవిడకి తెలుగొచ్చు" అనండి.

తిరిగి వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో అమ్మ అంది: "ఆ టాబ్లెట్లో అమ్మాయి ఎవరో గానీరా, నా మాట మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు."